మూడు చేతులు మారిన అమృత విలాస్

జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలై ఆరేళ్లలో 313 భాగాలు నడిచిన హాస్య ధారావాహిక ‘అమృతం’ కథ ఏమిటో తెలుగు ఇళ్లలో కొత్తగా చెప్పనక్కరలేదు కనుక ఆ సంగతులన్నీ వదిలేస్తున్నాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ, ప్రసారమైన రోజుల్లో ఒకసారి, యూట్యూబులోకి వచ్చాక వరుసగా రెండుసార్లు, అన్నం తింటూ ముక్కలు ముక్కలుగా లెక్కలేనన్నిసార్లు ఆ ధారావాహికను చూసినవాడిగా నేను రాయదలచుకున్నది ఒక్క విషయం గురించే. అది ముఖ్యపాత్రధారి మారిపోవడం. మొదట శివాజీరాజా, తరువాత నరేష్, ఆ తరువాత హర్షవర్ధన్ అదే అమృతరావుగా, అదే ‘అమృత విలాస్’ హోటలులో, అదే స్నేహితుడు ఆంజి పక్కన కనిపించారు. ఈ మార్పు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు మిగిలినదాన్ని కోపం అనవచ్చో లేదో నాకే తేలడం లేదు.

ఏ అమృతం కాలం గొప్పదన్న వాదన మా ఇంట్లో పెళ్లిపందిట్లో కూడా ఆగదు. మా అమ్మది మొదటినుంచీ శివాజీరాజా పక్షం. అతని ముఖంలో సంసారి దిగులు కనిపిస్తుందని, అప్పు ఉన్న మనిషి నవ్వు అలాగే ఉంటుందని ఆమె అంటుంది. మా బావది నరేష్ పక్షం. పెద్దమనిషి తరహాలో మాట్లాడుతూనే బోల్తా పడటంలో ఉన్న హాస్యం మరొకరికి చేతకాలేదని ఆయన వాదన. నాది హర్షవర్ధన్ పక్షం. తన పథకం ఈసారి తప్పకుండా పారుతుందని చిన్నపిల్లవాడిలా నమ్మే ఆ కళ్ల మెరుపు చూస్తే, నష్టం రాబోతున్నదని తెలిసి కూడా మనం అతని వెంట నడిచిపోతాము. బయట కూడా చాలామంది నా పక్షమే కనుక నేను ఈ వాదనలో ఎప్పుడూ కాస్త ధీమాగా కూర్చునేవాణ్ణి.

అయితే మొదటి మార్పు మా ఇంటికి చేరిన తీరు వేరు. ఆ రోజుల్లో మా వీధికి కేబులు ఇచ్చే ఆయనకూ, ఎవరి గోడ మీదుగా తీగ లాగాడో ఆ ఇంటివారికీ పేచీ వచ్చి, దాదాపు నెలన్నరపాటు మాకు తెలుగు ఛానళ్లు అందలేదు. దూరదర్శన్ ఒడియా వార్తలు మాత్రమే మిగిలాయి. రాజీ కుదిరి తీగ మళ్లీ కట్టిన మొదటి ఆదివారం రాత్రి మా మామ్మ ఎప్పటిలాగే కొంగులో పోకచెక్కలు, చేతిలో అడకత్తెర పెట్టుకుని గోడకు చేరగిలబడింది. పాట వచ్చింది, హోటలు వచ్చింది, ఆంజి వచ్చాడు, హోటలులో పనిచేసే సర్వం వచ్చాడు. అమృతం రావలసిన చోట నరేష్ వచ్చాడు. మేమందరం నోరు తెరిచి చూస్తుండగా మామ్మ అడకత్తెర ఆపి, కాసేపు తేరిపార చూసి, “పాపం, నడపలేక అమ్ముకున్నాడు,” అంది.

హోటలు అమ్మలేదని, మనిషి అతనేనని, వేషం కట్టేవారు మాత్రమే మారారని బావ ఎంతో ఓపికగా వివరించాడు. మామ్మ అంతా విని, “పేరు మాత్రం పాతదే ఉంచాడు, తెలివైనవాడే. బోర్డు మారిస్తే బేరం పోదూ?” అంది. మరి అమృతం భార్య సంజీవని సంగతి ఏమిటని నేను అడిగితే, “అది వాళ్లింటి గొడవ, మనకెందుకురా,” అని పోకచెక్క నొక్కింది. ఆ తరువాత హర్షవర్ధన్ వచ్చిన రోజున ఆమెకు ఆశ్చర్యమే కలగలేదు. అంత అద్దె గుంజే అప్పాజీ చేతికింద ఎవడు మాత్రం నిలబడతాడని ఆమె తేల్చేసింది.

మేము ఆ మాటలను ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకున్నాము గానీ, ఆలోచిస్తే ఆమె లెక్కలో తప్పు లేదు. మా బజారులో ఒకే పేరుతో, ఒకే బోర్డు కింద ముగ్గురు యజమానులు మారిన టిఫిను హోటలు ఉండేది. చట్నీ రుచి మారినప్పుడే హోటలు చేతులు మారిందని ఊరికి తెలిసేది. 1936 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు రాజధానిలో నుంచి ఒడిశాలోకి వెళ్లిన నాటికి మామ్మ చిన్నపిల్ల. మహేంద్రతనయ ఏటికి అవతలి ఒడ్డున ఉన్న పాతపట్నం అక్కడే ఉంది, ఇవతలి ఒడ్డున మేమూ ఇక్కడే ఉన్నాము, పైన ఉన్న బోర్డు మాత్రం మారింది. అటువంటి మనిషికి అమృతం ముఖం మారడం పెద్ద సంగతి కాదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరిలో పుట్టి కూడా మా ఇంట్లో పిల్లలు చదివేది ఒడియాలోనే. తెలుగు ఆ పిల్లలకు చెవి ద్వారానే అందాలి. ఈ ధారావాహికలో మనుషులు ఇళ్లలో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు కనుక మా మేనల్లుడు అద్దె, బాకీ, వాయిదా అన్న మాటలను బడిలో కాక అప్పాజీ దగ్గర నేర్చుకున్నాడు. ఈ గుణం మూడు కాలాలకూ సమానం కనుక పోటీలో దీనికి మార్కులు వేయడం లేదు.

నా పక్షం బలహీనపడింది 2018 అక్టోబరులో. ఆ నెల 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అంతటా చెట్లు, స్తంభాలు పడిపోయి, ఏరు పొంగి, మా వీధి చీకటిలో మునిగింది. రెండో రోజు రాత్రి అమ్మ, బావ, నేను, తన ఇంటి రేకులు ఎగిరిపోవడంతో మా ఇంటికి చేరిన పక్కింటి ఒడియా మావుసి (పిన్ని), ఒకే కొవ్వొత్తి చుట్టూ కూర్చున్నాము. అప్పటికి ఆరేళ్ల మా అమ్మాయి నిద్రపోయింది. నా ఫోనులో 14 శాతం చార్జింగు, దాచిపెట్టుకున్న అమృతం భాగాలు పన్నెండో పదమూడో ఉన్నాయి. టవరు ఎలాగూ పనిచేయడం లేదు. ఒక భాగం నిడివి ఇరవై నిమిషాల పైచిలుకు కనుక, తెల్లవారి ఎక్కడైనా సిగ్నలు దొరికితే చెల్లెలికి క్షేమం చెప్పడానికి కాస్త చార్జింగు మిగుల్చుకుని, ఒకే ఒక్క భాగం చూద్దామని నిర్ణయించాము.

ఆ ఒక్కటి ఎవరి కాలానిది అన్న దగ్గర ముగ్గురమూ బిగుసుకున్నాము. అమ్మ తన వయసును అడ్డం పెట్టింది. బావ ఇంటి అల్లుడినన్నాడు. ఫోను నాది కనుక మాట కూడా నాదే అన్నాను. ఒక భాగం పూర్తిగా చూసేంత సమయం ఆ వాదనలోనే పోయింది. తెరమీద వెలుగు అనవసరంగా ఖర్చవుతుంటే చూడలేక మావుసి తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో, “ఆ అద్దెవాడు ఉన్నది పెట్టండి,” అంది. ఇన్నేళ్లుగా మా కిటికీలోంచి చూస్తూ ఆమె అభిమానించినది ఏ అమృతాన్నీ కాదు, శివన్నారాయణ వేసిన అప్పాజీని. ఆమెకు కూడా అద్దెకిచ్చిన గదులు రెండు ఉన్నాయి. అద్దె వసూలు చేయడంలోని కష్టం చూపించిన ధారావాహిక ఇదొక్కటేనట.

అప్పాజీ బాగా కనిపించే భాగం వెతికితే అది శివాజీరాజా కాలానిది అయింది. అమ్మ గెలిచినట్టు చూసింది. సగం దాటాక, అప్పాజీ అద్దె కోసం వచ్చి గుమ్మంలో నిలబడిన క్షణాన, పాత బ్యాటరీ 8 శాతం నుంచి ఒక్కసారిగా సున్నాకు పడి ఫోను ఆరిపోయింది. చెల్లెలికి దాచిన చార్జింగు కూడా దానితోనే పోయింది. తరువాత ఏమవుతుందో ఎవరికీ గుర్తు లేకపోవడంతో మేమే చెప్పుకోవలసి వచ్చింది. అమృతం ఎవరి కాళ్లో పట్టుకుని సగం డబ్బు తెస్తాడని అమ్మ చెప్పింది. మర్యాద గురించి ఉపన్యాసం ఇచ్చి చివరికి ఆ ఉపన్యాసంలోనే చిక్కుకుంటాడని బావ చెప్పాడు. అద్దె ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తులో రెండు నెలల అద్దె ముందుగా కట్టవలసి వస్తుందని నేను చెప్పాను. మావుసి ముగ్గురి మాటలూ విని, “మరి ఆంజి?” అని అడిగింది. మూడు కథల్లోనూ ఆంజి చేసే పని ఒక్కటే: వద్దని ఒకసారి అని, వెంట వెళ్లడం.

కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది. వచ్చాక ఆ భాగం ముగింపు చూశాను. అది మా ముగ్గురి ముగింపూ కాదు, నాది అన్నిటికంటే దూరంగా ఉంది. ఆ పంతంతో మొదటి భాగం నుంచి వరుసగా మళ్లీ చూడటం మొదలుపెట్టాను. ఏ భాగం తీసినా బాగుంటుందని నేను ఎందరికో చెప్పిన మాటను అప్పుడే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తొలి భాగాల్లో డబ్బు అవసరం ముందు పుట్టి, దానికోసం పథకం వస్తుంది. నా కాలం అనుకున్న భాగాల్లో, ముఖ్యంగా చివరి ఏడాదివాటిలో, పథకం ముందు పుట్టి అవసరాన్ని తరువాత వెతుక్కున్నట్టు చాలాచోట్ల అనిపించింది. కొన్నిటిని పది నిమిషాలకే ముందుకు జరిపాను. వారానికొక కథ చొప్పున ఆరేళ్లు వండితే అన్ని రోజులూ చారు ఒకేలా కాగదని సరిపెట్టుకున్నాను. ఈ సంగతి అమ్మకు మాత్రం చెప్పలేదు.

అయినా ఈ రోజుకీ ఎవరైనా అడిగితే హర్షవర్ధన్ పేరే నా నోటికి వస్తుంది. దానికి కారణం అతని నటనేనని ఒకప్పుడు ఖాయంగా చెప్పేవాణ్ణి. నేను అప్పట్లో గుణుపురంలో కొత్తగా ఉద్యోగంలో చేరి, వారం చివర ఇంటికి వచ్చేవాణ్ణి. గేజి మార్పిడి కోసం 2004లో ఆ దారిలో నడిచే చిన్న రైలును ఆపేశాక ఆ రాకపోకలన్నీ బస్సులోనే సాగాయి. ఆదివారం రాత్రి అమ్మ వడ్డించిన కంచం, పక్కన మామ్మ అడకత్తెర చప్పుడు, తెల్లవారితే మళ్లీ ఆ బస్సు. నాకు నచ్చినది హర్షవర్ధనో, ఆ ఆదివారమో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. నాలాంటి ఆదివారాలు లేని కొత్తవారు చూడదలిస్తే మొదటి భాగం నుంచే మొదలుపెట్టడం మేలు. ముఖం మారిన చోట రెండు మూడు వారాల ఇబ్బంది తప్పదు.

ఆ ఇబ్బంది ఎంత మొండిదో నాకు 2020లో తెలిసింది. మార్చి 25న, ఉగాది నాడు, దేశమంతా తలుపులు వేసుకున్న రోజునే జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైంది. హర్షవర్ధనే అమృతం, అప్పాజీ, సర్వం పాతవారే. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు కనుక ఆంజిగా ఎల్బీ శ్రీరామ్ వచ్చారు. ఆయన నటనలో నేను లోపం చూపలేను. అయినా ఆయన నోరు విప్పిన ప్రతిసారీ నాలో ఎవరో లేచి వెళ్లిపోతున్నట్టు ఉండి, రెండు భాగాలకు మించి కూర్చోలేకపోయాను. మామ్మ అయితే ఆంజి కూడా తన వాటా అమ్ముకున్నాడని ఒక్క మాటలో తేల్చి, మిగిలిన భాగాలు హాయిగా చూసేది.

అప్పటిదాకా కార్టూనులు తప్ప మరేమీ చూడని మా అమ్మాయి మాత్రం వాటన్నిటినీ అంటిపెట్టుకుని చూసింది. అవి అయిపోయాక ఇంకా కావాలని పేచీ పెడితే పాతవి తీసి చూపించాను. గుండు హనుమంతరావు తెరమీదికి రాగానే కళ్లు చిట్లించి, ఒక భాగం అంతా ఏమీ మాట్లాడకుండా చూసి, చివరికి, “నాన్నా, ఈ కొత్త ఆంజి కూడా పరవాలేదు,” అంది. కొత్త ఎవరో పాత ఎవరో చెప్పబోయి, మామ్మకు బావ ఓపికగా వివరించిన ఆదివారం రాత్రి గుర్తుకు వచ్చి, తరువాతి భాగం నొక్కాను.