విజయనగరం రింగ్ రోడ్డు కారు ఎలక్ట్రీషియన్: బ్యాటరీ అమ్మేముందు మీటరు పెడతాడు

బ్యాటరీ అమ్ముకునే అవకాశం చేతిలో ఉండి కూడా “ఇప్పుడే మార్చకండమ్మా” అన్న మనిషి నాకు ఇక్కడే తగిలాడు. అందుకే ఈ రివ్యూ. షాపు రింగ్ రోడ్డులో, పంక్చర్లు వేసే రేకుల షెడ్డుని ఆనుకుని ఉంటుంది. బోర్డు రంగు వెలిసిపోయింది, పేరు చదవలేం. బయట పేర్చిన పాత బ్యాటరీలే గుర్తు.

నేను ఉద్యోగానికి రోజూ రైల్లో విశాఖపట్నం వెళ్లి వస్తాను. కారు వారమంతా గేటు లోపలే. ఆదివారం కూరగాయలకో, రామతీర్థానికో తీస్తాం. ఈమధ్య తీరా బయల్దేరే వేళకి సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమని ఊరుకునేది. ప్రతిసారీ పక్కింటివాళ్ల కారు అడిగి వైర్లు తగిలించుకోవడం నామోషీగా ఉండేది. ముందు వెళ్లిన షాపులో, పేరెందుకులెండి, బానెట్ ఎత్తి చూసి “బ్యాటరీ పోయింది, కొత్తది వేసేద్దాం” అనేశారు. మీటరన్నది బయటికే తీయలేదు.

ఇతను ముందు అదే తీశాడు. నిండుగా చార్జయిన బ్యాటరీ, బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. నాది 11.9. ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తే 14 దాటింది. “డైనమో బాగానే పోస్తోంది. పోసింది ఎటు పోతోందో చూద్దాం” అన్నాడు.

తర్వాత చేసిన పని చూడ్డానికి తమాషాగా ఉంది. డ్రైవర్ వైపు తలుపు తెరిచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూశాడు. తలుపు తెరిచే ఉన్నా, మూసేశారనే కారు అనుకుంటుంది. రిమోట్ తాళం కుర్రాడికిచ్చి టీకొట్టుకి పంపించాడు. మైనస్ వైరు చుట్టూ క్లాంపు మీటరు తగిలించి, వేరే పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. నాకేమో టెన్షన్, మర్చిపోయాడేమోనని.

అతను చెప్పాక అర్థమైంది. ఈ కాలం కార్లు తాళం వేయగానే నిద్రపోవు. లోపలి చిన్న కంప్యూటర్లు ఒక్కొక్కటే పడుకోవడానికి కొన్ని బళ్లలో పది నిమిషాలు, కొన్నిటిలో అరగంట పైనే పడుతుంది. తలుపు తీస్తే మళ్లీ లేస్తాయి. కొన్ని కార్లకి తాళం దగ్గర్లో ఉన్నా చాలు. అన్నీ పడుకున్నాక కూడా గడియారం, అలారం లాంటివాటికి కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే పర్వాలేదంటారు. నా కారులో 210 పోతోంది.

ఫ్యూజులు పీకి పెడితే కంప్యూటర్లు మళ్లీ లేచిపోతాయని, పీకకుండానే ఒక్కో ఫ్యూజు నెత్తిన ఉండే రెండు లోహపు చుక్కల మీద మీటరు సూదులు ఆనించి మిల్లీవోల్టులు చూసుకుంటూ వెళ్లాడు. కరెంటు పోతున్న ఫ్యూజు దగ్గరే అవి కనిపిస్తాయి. దొంగ దొరికింది. మావారు ముచ్చటపడి పెట్టించిన డాష్ కెమెరా! బిగించినవాళ్లు దాని వైరుని ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకి కలిపారు. కారు ఆగి ఉన్నా అది మా గేటుని రికార్డు చేస్తూ కూర్చుంది. దాన్ని తీసేస్తే మీటరు 30కి దిగింది. 210 మిల్లీ ఆంపియర్లంటే రోజుకి 5 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తం 45. ఆదివారం ఇరవై నిమిషాలు తిప్పితే ఆ వారం లోటు పూడదు.

ఇంకో సంగతి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే ఏర్పాటు మా కారులో ఎప్పుడో పనిచేయడం మానేసింది. పీడా పోయిందనుకున్నాం. బ్యాటరీలో చార్జి తక్కువుంటే కారే దాన్ని ఆపేస్తుందట. ఇలాంటి కారుకి మామూలు బ్యాటరీ వేయకూడదు, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ రకమో ఏజీఎమ్ రకమో వేయాలి. ముందు షాపువాళ్లు తక్కువ ధరకి ఇస్తామన్నది మామూలుదే.

పరీక్షకని కారు తీసి తిప్పుతుంటే, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వోల్టేజీ 12.8కి పడిపోవడం, కాలు తీయగానే 14.6కి ఎక్కడం చూసి కంగారుపడ్డాను. అది లోపం కాదు. పెట్రోలు ఆదా కోసం కారే, ఇంజిన్ మీద భారం ఉన్నప్పుడు చార్జింగ్ తగ్గించి, బండి వేగం తగ్గేటప్పుడు పెంచుతుంది. మైనస్ టెర్మినల్ మీదున్న చిన్న సెన్సర్ ఈ లెక్కంతా చూస్తుంది. అందుకే బయటి చార్జర్ పెట్టినప్పుడు మైనస్ క్లిప్పు టెర్మినల్‌కి కాకుండా బాడీ బోల్టుకి తగిలించమన్నాడు. లేకపోతే ఎక్కిన చార్జి సెన్సర్ లెక్కలోకి రాదు. ఈ ఒక్క ముక్క ఇన్నాళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

కెమెరా వైరుని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకి మార్చి, బ్యాటరీని రాత్రంతా మెల్లగా చార్జి చేసి, టెర్మినళ్ల మీది తెల్ల పొడి వేడినీళ్లతో కడిగి వాజలిన్ రాసి, మొత్తానికి ఏడొందలు తీసుకున్నాడు. ఇప్పుడు ఆదివారం ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది. అన్నిసార్లు అడుగంటిన బ్యాటరీ కాబట్టి ఆయుష్షు కొంత తగ్గే ఉంటుందని మొహమాటం లేకుండా చెప్పాడు.

తంటాలూ ఉన్నాయి. కూర్చోవడానికి కుర్చీ లేదు. ఫోన్ ఎత్తడు. బిల్లడిగితే ఏదో కంపెనీ కరపత్రం వెనక రాసిచ్చాడు. ఒకటి అడిగితే ఒకటే చెప్తాడు, పైన వివరమంతా నేను గుచ్చిగుచ్చి రాబట్టిందే. కారు వదిలి వెళ్లమంటాడు, ఎప్పటికవుతుందో చెప్పడు. సిరిమానోత్సవం వారంలో అసలు వెళ్లకండి, ఆ జనంలో కారు రింగ్ రోడ్డు దాకా చేర్చడమే గగనం.

హెడ్‌లైట్ల అలంకారం, స్టీరియో బిగింపు లాంటివి చేయడు, వేరేచోట చూసుకోండి. బ్యాటరీ ఊరికే దిగిపోతుంటే మాత్రం పొద్దున్నే వెళ్లండి. చీకటి పడ్డాక మీటరు పని ముట్టుకోడు.