వెనక చక్రాల బేరింగులు మార్చాలా, ఆగాలా: 1.78 లక్షల కిలోమీటర్లు నడిచిన ఎస్‌యూవీ మీద సమీక్ష

బండి 2010 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి చట్రం), వెనక గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), డ్రమ్ బ్రేకులు. తిరుగుడంతా ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కోరాపుట్టు, జయపురం వైపు. నెలకు రెండు మూడు సార్లు సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం. మీటరు 1,78,000 దాటింది. ఎడమ వెనక బేరింగ్ 96,000 దగ్గర ఒకసారి, 1,04,000 దగ్గర మరోసారి మారింది. కుడి వైపు మాత్రం కొత్తలో వచ్చిందే 1,52,000 దాకా లాగింది. ఎడమ పక్కకు రెండుసార్లూ వేసింది ఒకే కంపెనీ సరుకు. మొదటిసారి సుత్తితో దిగ్గొట్టారు, 8,000 కిలోమీటర్లకే మోత మొదలైంది. రెండోసారి ప్రెస్ (ఒత్తిడితో నొక్కి ఎక్కించే యంత్రం) మీద ఎక్కించారు, 74,000 నడిచినా ఇప్పటికీ చప్పుడు లేదు.

వెనక నుంచి 'గుయ్య్' మని మోత రాగానే బేరింగ్ పోయిందనుకోవడం మా వైపు మామూలు. తారు ఊడిపోయి కంకర తేలిన రోడ్ల మీద తిరిగే బండికి టైర్లు మెట్లుమెట్లుగా అరుగుతాయి, ఆ మోత అచ్చం బేరింగ్ మోతలాగే ఉంటుంది. అరచేత్తో టైరు ముఖం మీద ముందుకోసారి, వెనక్కోసారి రాయండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగిలితే ముందు అనుమానం టైరు మీదే. వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి మార్చి ఇరవై కిలోమీటర్లు తోలండి. మోత ముందుకు వచ్చిందంటే బేరింగ్ జోలికి పోనక్కర్లేదు. నున్నటి కొత్త తారు మీదకు ఎక్కగానే మోత బాగా మారిపోయినా అది టైరే. బేరింగ్‌కు రోడ్డుతో పెద్దగా పని లేదు.

బేరింగ్ మోత సాధారణంగా 40, 50 వేగం దగ్గర తెలియడం మొదలై వేగంతో పాటు పెరుగుతుంది. గేరు న్యూట్రల్ చేసినా తగ్గదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడొక రకంగా, వదిలినప్పుడొక రకంగా వినిపిస్తే చూడాల్సింది డిఫరెన్షియల్‌ని (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా), చక్రాన్ని కాదు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా కుడి వంపు తీసుకుంటే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ పక్కను అనుమానించాలి. వెనక గట్టి యాక్సిల్ ఉన్న బండిలో ఈ గుర్తు ఒక్కోసారి తప్పుదోవ పట్టిస్తుంది. హౌసింగ్ (యాక్సిల్ బయటి గొట్టం) మోతను ఆ చివర నుంచి ఈ చివరకు మోసుకొస్తుంది. అందుకని లోపల కూర్చున్నవాళ్లు చెప్పిన పక్కను పట్టుకుని షాఫ్ట్ (యాక్సిల్ లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ) లాగించకండి.

జాకీ మీద చూసేదే నమ్మదగ్గ పరీక్ష. ముందు చక్రాలకు రాళ్లో చెక్కలో అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి, యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత మొత్తంగా లోపలికీ బయటికీ లాగి నెట్టండి. బాగున్న బేరింగ్‌లో కిందామీదా ఆట (లూజు కదలిక) అసలు తెలియకూడదు. లోపలికీ బయటికీ వెంట్రుకవాసి కదలిక కొన్ని అమరికల్లో సహజం, టకటకమని కొట్టుకుంటే కాదు. ఇక చక్రం చేత్తో తిప్పుతూ, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను యాక్సిల్ చివర ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకోండి. మంచిదైతే సన్నటి జారుడు వినిపిస్తుంది. పోయినదైతే ఇసుక నూరుతున్నట్టు గరగర వస్తుంది. ఆ గరగర చెవికంటే ముందు చేతికే తెలుస్తుంది, బ్రేక్ ప్లేటు మీద వేళ్లు పెట్టి చూడండి. రెండు పక్కలూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాకే ఏది పోయిందో తేల్చుకోండి.

వేడి కూడా చెబుతుంది. ఘాట్ లేని దారిలో, బ్రేకు తక్కువ వాడుతూ ఇరవై కిలోమీటర్లు వచ్చాక రెండు హబ్‌ల (చక్రం మధ్య భాగాల) దగ్గరికీ అరచేతి వెనక పక్కను తాకించకుండా దగ్గరగా తీసుకెళ్లి పోల్చండి. ఒక పక్క సెగ కొడుతుంటే బ్రేకు లైనర్ పట్టేసిందేమో ముందు చూసుకోవాలి. పట్టేసిన బ్రేకు కూడా అంతే వేడెక్కుతుంది.

ఇక నిర్ణయం. మోత ఒక్కటే ఉండి ఆట, గరగర, నూనె కారడం లేకపోతే ఆగొచ్చు, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ లేపి చూడండి. చేతికి గరగర తెలిస్తే బేరింగ్, సీలు (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) తెప్పించి పెట్టుకోండి. పని అయ్యేదాకా నిండు లోడుతో సుంకి ఘాట్ ఎక్కడం, దిగడం పెట్టుకోవద్దు. ఆట తెలిసినా, డ్రమ్ములోకి నూనె వచ్చినా బండి ఇంట్లో ఆగాల్సిందే. మొదటి తరం ఇన్నోవా, మొదటి తరం ఫార్చ్యూనర్ లాంటి బండ్లలో చక్రం నేరుగా యాక్సిల్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. ఆ షాఫ్ట్ బయటికి రాకుండా పట్టుకునేది బేరింగ్, దాని వెనక గట్టిగా ఎక్కించిన కాలర్ అనే రింగు. బేరింగ్ పగిలి కాలర్ జారితే చక్రం, డ్రమ్ము, షాఫ్ట్ అన్నీ కలిసి పక్కకు వచ్చేస్తాయి. "విశాఖపట్నం దాకా లాగించి అక్కడ చేయిద్దాం" అనే ఆలోచన ఈ ఒక్క స్థితిలో ప్రాణం మీదకు తెస్తుంది. లక్షన్నర దాటింది కదా అని మాత్రం మార్చకండి. మీటరు చూసి మార్చే వస్తువు కాదది.

మా దారుల్లో బేరింగ్‌ను తినేది గోతుల కంటే నీళ్లు. ఘాట్ దిగి వేడెక్కిన యాక్సిల్ నేరుగా గెడ్డలోకి (వాగులోకి), కాజ్‌వే మీది నీళ్లలోకి దిగుతుంది. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, సీలు అంచు సందులోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. కుడి పక్క కోసి తీసిన బేరింగ్‌లో అదే కనిపించింది. గ్రీజు టీ పొడి మరిగిన రంగుకు తిరిగింది. బయటి రింగులో బాల్స్ ఆగిన చోటల్లా సమాన దూరంలో తుప్పు గీతలు. లోపలి రింగు మీద వేలిగోరంత మేర ఉక్కు పెచ్చులా లేచిపోయింది. ఎడమ పక్క 8,000కే పోయిన దానిలో తుప్పు లేదు, గ్రీజు శుభ్రంగా ఉంది. బాల్స్ దారిలో మాత్రం సన్నటి నొక్కులు వరసగా ఉన్నాయి. సుత్తి దెబ్బ బయటి రింగు నుంచి బాల్స్ మీదుగా లోపలి రింగుకు పోయిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

కొనేటప్పుడు పాత బేరింగ్ మీది నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా చూపించండి. ఉదాహరణకు 6308 అంటే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు (చివరి రెండంకెలు 08ని 5తో గుణించాలి), బయటి వ్యాసం 90, మందం 23. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత, సీ3 అంటే లోపల మామూలు కంటే కొంచెం ఎక్కువ ఖాళీ. "సైజు ఒకటే కదా" అని కొట్టులో సీ3 లేనిది అంటగడితే తీసుకోవద్దు. గట్టిగా ఎక్కించాక ఆ ఖాళీ తగ్గిపోయి బేరింగ్ వేడెక్కుతుంది. బేరింగ్‌తో పాటు ఆయిల్ సీలు, కాలర్, ఉంటే ఓ రింగు, స్నాప్ రింగు కూడా కొత్తవే కొనాలి. కాలర్ ఒక్కసారి వాడే వస్తువు.

పని జరిగేటప్పుడు దగ్గరుండండి. డ్రమ్ము రాకపోతే చాలా బండ్లలో దానికే రెండు మరల రంధ్రాలుంటాయి, సరైన బోల్టులు బిగిస్తే అదే బయటికి వస్తుంది. బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబుల్ విప్పి, ప్లేటు వెనక నాలుగు నట్లు తీసి షాఫ్ట్ లాగుతారు. పాత కాలర్‌ను గ్రైండర్‌తో ముప్పాతిక మందం దాకా కోసి, మిగతాది ఉలితో పగలగొట్టాలి. గ్రైండర్ డిస్క్ షాఫ్ట్‌కు తగిలితే ఆ గాటు దగ్గరే రేపు షాఫ్ట్ విరుగుతుంది. గ్యాస్ కట్టర్ అసలు వద్దు, ఆ వేడికి షాఫ్ట్ గట్టిదనం పోతుంది.

షాఫ్ట్‌ను లేత్ షాపు ప్రెస్ మీదకు తీసుకెళ్లాక తప్పు జరిగేది వరస దగ్గర. బ్రేక్ ప్లేటు, బేరింగ్‌ను పట్టే రిటైనర్, అమరికను బట్టి బయటి సీలు, ఇవన్నీ బేరింగ్ కంటే ముందే షాఫ్ట్‌లోకి ఎక్కాలి. మరిచిపోతే కొత్త కాలర్ మళ్లీ కోయాలి. విప్పేటప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ప్రెస్ ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి, దానికి సరిపోయే గొట్టం ముక్క లేకపోతే ఆ షాపు నుంచి వచ్చేయండి. కాలర్ ఎక్కేటప్పుడు ప్రెస్ గేజు ముల్లు లేవాలి. చేత్తో తోస్తే జారిపోయేంత లూజుగా ఉంటే షాఫ్ట్ అరిగిందని అర్థం. అప్పుడు "రెండు టాకాలు వేసేద్దాం" అంటారు. వెల్డింగ్‌కు ఒప్పుకోవద్దు, షాఫ్టే మార్చాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) ఉన్న బండిలో దాని పళ్ల రింగు పాత స్థానంలోనే కూర్చోవాలి, లేదంటే డాష్‌బోర్డులో లైటు ఆరదు.

సీలు స్ప్రింగు ఉన్న ముఖం నూనె వైపుకు. షాఫ్ట్ మీద పాత సీలు రాసుకున్న చోట గోరు ఆగేంత గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. హౌసింగ్‌లో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టండి. తర్వాత డిఫరెన్షియల్ నూనె నింపే రంధ్రం అంచు దాకా పోయాలి. పాత నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే మొత్తం మార్చండి. విప్పిన బ్రేకు పైపులోంచి గాలి తీయకుండా బండి బయటికి తోలకూడదు. చక్రం నట్లు 12 మిల్లీమీటర్ల స్టడ్లున్న చాలా బండ్లకు 100 నుంచి 110 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్ అంకె వేరైతే అదే ఖాయం. వంద కిలోమీటర్లకు మళ్లీ బిగించండి.

రెండో పక్క కూడా మార్చాలా అంటే, సీలు కారడం వల్లో నీళ్ల వల్లో మొదటిది పోయి ఉంటే అవును, ఎందుకంటే రెండూ ఒకే నీళ్లలో మునిగాయి. దెబ్బ తగలడం వల్ల పోయి ఉంటే రెండో పక్క విని, బాగుంటే వదిలేయండి.

హబ్, బేరింగ్ ఒకే ముక్కగా వచ్చి బోల్టులతో బిగించే హబ్ యూనిట్ ఉన్న కొత్త తరహా ఎస్‌యూవీలకు ఈ ప్రెస్ గొడవ లేదు. హబ్ మొత్తం మార్చడమే.

చివరగా యాక్సిల్ పైనున్న బ్రీదర్, అంటే లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం. వేలెడంత ముక్క, ఎర్రమట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడి కొత్త సీలును వారాల్లోనే కార్పిస్తుంది. దాన్ని విప్పి డీజిల్‌లో కడిగి, నోటితో ఊది గాలి పోతుందో లేదో చూశాకే షాఫ్ట్ లోపలికి తోయనివ్వండి. గెడ్డలు దాటే బండికి రబ్బరు గొట్టం తగిలించి బ్రీదర్‌ను బాడీ ఎత్తుకు పెంచుకోవచ్చు. ఈ బండికి 1,04,000 దగ్గర పెట్టిన గొట్టం ఇంకా అలాగే ఉంది, ఎడమ సీలు కింద ఇప్పటికీ తడి లేదు.