నాలుగు స్పీకర్ల క్యాబ్: సౌండ్‌కి వంక లేదు, గొడవంతా వెనక ప్లేటుతోనే

ఈ గిటార్ క్యాబ్ (అంటే స్పీకర్లు మాత్రమే ఉండే పెట్టె) సౌండ్ గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. ఏళ్లుగా 50 వాట్ల ట్యూబ్ హెడ్‌తో (స్పీకర్లు లేని, ట్యూబులతో నడిచే యాంప్లిఫయర్‌తో) వాడాక నాకు మిగిలిన కోపమంతా వెనకున్న జాక్ ప్లేటు, అంటే కేబుళ్లు గుచ్చే ప్లేటు మీదే.

కొత్తలో బాగా నచ్చిందీ అదే మరి. స్విచ్ మోనోలో ఉంటే ఒక జాక్ 16 ఓంలు, రెండోది 4. స్టీరియోకి తిప్పితే ఒక్కో జాక్‌కి రెండేసి స్పీకర్లు, 8 ఓంలు. హెడ్ ఓంలూ క్యాబ్ ఓంలూ కలవాలి కాబట్టి, ఏ హెడ్ తెచ్చినా ఇట్టే కుదురుతుందనిపిస్తుంది. కానీ 8 కావాలని స్టీరియోలో పెట్టి ఒక్క హెడ్ తగిలిస్తే మోగేవి రెండు స్పీకర్లే. ఒక్కోటి 30 వాట్లదైతే రెండూ కలిపి 60. వాల్యూమ్ నిండా పెంచిన 50 వాట్ల ట్యూబ్ హెడ్ దాన్ని దాటగలదు. ప్లేటు మీద ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

అసలు ముప్పు 16 జాక్‌లో ఉంది. లోపలున్నవి నాలుగూ 16 ఓంల స్పీకర్లు. రెండేసి పారలల్‌గా కలిపితే జతకి 8. ఆ జతలు రెండూ పారలల్ అయితే 4, సిరీస్ అయితే 16. జతల్ని సిరీస్‌లో కలిపే దారి స్విచ్‌లోని చిన్న రేకు మీదుగా పోతుంది. ఆ రేకు వదులైతే నాలుగు స్పీకర్లూ ఒకేసారి తెగిపోతాయి.

అయ్యింది కూడా అదే. ముందు గట్టిగా వాయించినప్పుడు మాత్రమే చిటపటలు. తర్వాత సౌండ్ ఒక్క క్షణం పోయి మళ్లీ రావడం. ఎవరికైనా అనుమానం ట్యూబుల మీదికే పోతుంది, కానీ అవి మార్చినా తేడా లేదు. మల్టీమీటర్‌తోనే బయటపడింది: హెడ్ ఆపి, స్పీకర్ కేబుల్‌ని హెడ్ వైపు మాత్రమే పీకి, ఆ ప్లగ్ కొనకీ ఒంటికీ మధ్య కొలవాలి. 16 ఓంల క్యాబ్‌కి మీటర్ 13 దగ్గర చూపిస్తే సరే (8కి 6, 7 మధ్య, డీసీ కొలత ఎప్పుడూ రాసినదానికంటే తక్కువే). ఇక్కడ స్విచ్‌ని వేలితో కాస్త కదిపితే చాలు, 13 కాస్తా ఓపెన్ (దారి తెగినట్టు) అయిపోతోంది.

ట్యూబ్ హెడ్‌కి ఇది ప్రాణాంతకం. లోడ్ (అంటే తగిలించిన స్పీకర్లు) లేకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా ఎగిరి, ట్యూబ్ సాకెట్ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, చుట్ల ఇన్సులేషన్ కాలిపోతుంది. ట్రాన్సిస్టర్ హెడ్‌లకి మామూలుగా ఈ భయం లేదు. వాటికి ప్రమాదం చెప్పినదానికంటే తక్కువ ఓంలు తగిలిస్తేనే.

కాంటాక్ట్ క్లీనర్ కొన్నాళ్లు పనిచేసింది, అంతే. చివరికి స్విచ్‌ని పూర్తిగా తప్పించేశాను: జాక్ కొన నుంచి మొదటి జత ప్లస్‌కి, దాని మైనస్ నుంచి రెండో జత ప్లస్‌కి, రెండో జత మైనస్ నుంచి జాక్ ఒంటికి. 16 గేజి వైరు, గట్టి టంకం. మూత బిగించే ముందు హెడ్ తగిలించకుండా 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని ప్లగ్ కొనకీ, మైనస్‌ని ఒంటికీ క్షణం తాకించి చూడాలి. నాలుగు స్పీకర్ల కోన్‌లూ (ముందుండే కాగితపు గరాటులు) బయటికే కదలాలి. ఒక్కటి లోపలికి పోయినా దాని వైర్లు తారుమారైనట్టే, బేస్ పలచబడుతుంది.

ఇప్పుడు క్యాబ్‌కి 16 ఒక్కటే ఉంది. హెడ్ మీద ఓంల సెలెక్టర్‌ని కూడా హెడ్ ఆపి ఉన్నప్పుడే 16కి తిప్పాలి. పవర్ వేసేలోపే స్పీకర్ కేబుల్ రెండు చివర్లా పూర్తిగా దిగి ఉండాలి. ఆ కేబుల్ కూడా స్పీకర్‌దే కావాలి. గిటార్ కేబుల్‌కీ అదే 6.35 మిల్లీమీటర్ల ప్లగ్ ఉంటుంది కాబట్టి చూసి పోల్చుకోలేం, కానీ లోపలి తీగ సన్నం, పైన షీల్డు. పవర్‌కి వేడెక్కి కాలితే మళ్లీ లోడ్ లేని కథే.

ఒకే హెడ్‌తో, స్విచ్ జోలికి పోకుండా వాడేవాళ్లకి ఈ క్యాబ్ మంచిదే అంటాను. తరచూ హెడ్‌లు మార్చేవాళ్లకి మాత్రం ఆ ధైర్యంతో చెప్పలేను. నాకు టంకం పెట్టడం వచ్చు, 16 ఓంల ఔట్‌పుట్ ఉన్న హెడ్ ఉంది, కాబట్టి ఉంచుకున్నాను.