నైరూప్య చిత్రకళ ఆన్‌లైన్ కోర్సు – ఆరు వారాలు పూర్తి చేశాక నా రివ్యూ

అబ్‌స్ట్రాక్ట్, నాన్ ఆబ్జెక్టివ్ ఆర్ట్ మీద, అస్సలేం తెలీనివాళ్ల కోసం చేసిన ఆరు వారాల రికార్డెడ్ కోర్సు ఇది. నిన్న రాత్రే చివరి వీడియో అయిపోయింది, వేడి చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా. చేరాలా వద్దా అనడిగితే చేరండి అనే చెప్తా, కానీ ఐదో వారం దగ్గర నాకు బాగా కోపం వచ్చింది, అది కూడా చెప్తా.

నేనెందుకు చేరానంటే, ఇలాంటి బొమ్మ ముందు నిలబడిన ప్రతిసారీ ఇందులో ఏముందా అని వెతుక్కోవడంతోనే సరిపోయేది, మొహం కనిపిస్తుందేమో చెట్టు కనిపిస్తుందేమో అని, ఏదీ దొరక్కపోతే పక్కనున్న చీటీ చదవడం, అందులో 'అన్‌టైటిల్డ్' అనుంటే ఉసూరుమని ముందుకెళ్లిపోవడం. మొదటి క్లాసులోనే మేడమ్ సరిగ్గా ఈ అలవాటునే పట్టుకున్నారు. అబ్‌స్ట్రాక్ట్, నాన్ ఆబ్జెక్టివ్ రెండూ ఒకటే అనుకునేదాన్ని, కాదట. డచ్ చిత్రకారుడు మాండ్రియన్ వేసిన చెట్లు మూడు వరసగా చూపించారు. 1908లో మొదలుపెట్టిన ఎర్ర చెట్టు, అది చూడగానే చెట్టే. 1911 నాటి బూడిదరంగు చెట్టులో కొమ్మలన్నీ వంపు గీతలైపోయాయి, అయినా చెట్టని తెలుస్తుంది. 1912లో వేసిన పూత మీదున్న ఆపిల్ చెట్టుకొచ్చేసరికి పేరు చెప్తే తప్ప చెట్టని తట్టదు. అలా ఉన్న వస్తువుని పట్టుకుని దాన్ని కొంచెం కొంచెంగా వదిలేస్తూ పోవడం అబ్‌స్ట్రాక్ట్. అసలు వస్తువు అనేదే లేకుండా రంగు, గీత, ఆకారంతోనే మొదలుపెట్టడం నాన్ ఆబ్జెక్టివ్. ఈ ఒక్క తేడా తెలిశాక నాకు సగం బరువు దిగిపోయింది, ఎందుకంటే రెండో రకం బొమ్మలో వెతకడానికి ఏమీ దాచలేదు, చూడటమే పని.

ఆ తర్వాత మాలెవిచ్ అనే చిత్రకారుడు వేసిన నల్ల చతురస్రం, 1915. కోర్సు మొత్తంలో నాకు బాగా నచ్చిన క్లాసు ఇదే. ఇది ఎవరైనా వేస్తారుగా అనే మాట నేనూ అన్నదాన్నే. మేడమ్ వాదనకి దిగలేదు, బొమ్మని దగ్గరగా జూమ్ చేసి చాలాసేపు అలాగే ఉంచారు. పక్కలు సరిగ్గా సమానంగా లేవు, నలుపంతా పగుళ్లు, ఆ పగుళ్లలోంచి కింద వేరే రంగులు తొంగిచూస్తున్నాయి, ఎక్స్‌రే తీస్తే అడుగున వేరే బొమ్మలే ఉన్నాయని తేలిందట. రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) మొదటిసారి ప్రదర్శించినప్పుడు దాన్ని గది మూలలో పైకి తగిలించాడు, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోటది. ఈ సంగతి విన్నాక ఆ బొమ్మ ఎంత పెద్ద సాహసమో ఒంటికి తగిలినట్టు తెలిసింది.

రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ మీద క్లాసులు కూడా బాగున్నాయి, కాకపోతే జీవిత చరిత్ర కాస్త ఎక్కువైంది. లా చదివినాయన 1896లో ముప్పై ఏళ్లకి అన్నీ వదిలేసి మ్యూనిక్ వెళ్లి బొమ్మలు నేర్చుకోవడం, ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము బొమ్మ చూసి అది గడ్డివామని పోల్చుకోలేకపోయినా ఆ బొమ్మ మనసులోంచి పోకపోవడం, ఇదంతా వినడానికి బాగుంది. నాకు పనికొచ్చింది మాత్రం ఆయన బొమ్మలకి సంగీతంలోలా ఇంప్రొవైజేషన్, కంపొజిషన్ అని పేర్లెందుకు పెట్టాడో చెప్పిన ముక్క. 1913లో వేసిన ఏడో కంపొజిషన్ కోసం ముప్పైకి పైగా స్కెచ్‌లు వేసుకున్నాడట, అసలు బొమ్మ మాత్రం నాలుగు రోజుల్లో అయిపోయింది. ఏదో తోచినట్టు పూసేస్తారు అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి.

హోంవర్క్ అస్సలు వదలకండి. మూడు తెల్ల కాగితాలు, ఒకే సైజు నల్ల గుండ్రం మూడు, ఒకదాంట్లో సరిగ్గా మధ్యలో, ఒకదాంట్లో పైన, ఒకదాంట్లో కింద అంచుకి ఆనించి అతికించాలి, అంతే. మధ్యలోది కదలకుండా కూర్చుంది, పైది ఇప్పుడో ఇంకాసేపటికో జారేలా ఉంది, కిందది బరువుగా ఉంది. గుండ్రం ఒక్కటే, చోటు మారితే బరువు మారిపోయింది. రెండోది, మాటల్లేని సంగీతం పెట్టుకుని వస్తువేదీ రాకుండా కాగితం నింపడం. నా చెయ్యి ఎంత మొండిదో అప్పుడే తెలిసింది, గుండ్రం గీస్తే చుట్టూ కిరణాలు పెట్టేసి సూర్యుణ్ణి చేసేస్తోంది. ఆరు కాగితాలు పోయాక ఏడోది కుదిరింది.

ఇక ఐదో వారం. హిల్మా ఆఫ్ క్లింట్ అనే చిత్రకారిణికి ఇచ్చింది కొన్ని నిమిషాలే! స్వీడన్‌లో ఆవిడ ఇలాంటి బొమ్మలు 1906లోనే మొదలుపెట్టి 1915కల్లా గుడి కోసం అని 193 బొమ్మలు వేసింది, అందులో 1907 నాటి పది పెద్ద బొమ్మలు మూడు మీటర్ల పైన ఎత్తుంటాయి. తను పోయాక ఇరవై ఏళ్ల వరకు ఎవరికీ చూపించొద్దంది, ఎక్కువమంది జనం చూడటం మొదలైంది 1986లో. అలాంటి మనిషిని 'ఇంకా వీళ్లు కూడా' అన్నట్టు ఒక్క స్లైడ్‌లో కానిచ్చేస్తే ఎలా? కాండిన్‌స్కీ చిన్నతనానికి ఇచ్చిన టైమ్‌లో సగం ఇచ్చినా సరిపోయేది. ఇది రాసి కోర్సు వాళ్లకి పంపించా, మీ సలహాకి థ్యాంక్స్ అని ఒక లైను జవాబొచ్చింది.

ఇంకో లోపం, బొమ్మల కొలతలు ఎక్కడా ఇవ్వలేదు. అమెరికన్ చిత్రకారుడు రోత్కో బొమ్మ ఫోన్‌లో చూస్తే రెండు రంగు పట్టీలు, అంతే. అసలుది మనిషి కంటే ఎత్తుండి, పల్చటి రంగు పొరమీద పొర వేసుకుంటూ పోయినది. ఎదురుగా నిలబడితే చూపు నిండిపోవాలనే ఆయన అంత పెద్దవి వేసేవాడు, ఆ సంగతి లేకుండా రోత్కో పాఠం సగమే. కాబట్టి ఫోన్‌లో చూడకండి, ఎంత పెద్ద స్క్రీన్ దొరికితే అంత పెద్దదాంట్లో చూడండి, కొలతలు పక్కన మీరే రాసుకోండి.

ఆఖరి వారంలో మన దేశపు చిత్రకారుడు గైతొండే వచ్చారు. తన బొమ్మల్ని అబ్‌స్ట్రాక్ట్ అంటే ఒప్పుకునేవారు కాదట, నాన్ ఆబ్జెక్టివ్ అనమనేవారట. రోలర్‌తో, పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే, గీకే చిన్న కత్తి) రంగు వేస్తూ తీస్తూ చేసిన ఆ వెలుగు ఉంది చూడండి, వీడియో ఆపేసి చాలాసేపు అలాగే ఉండిపోయా. 2014లో ఆయన బొమ్మలతో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు, ఆ మ్యూజియం 1939లో తెరిచినప్పుడు దాని పేరే నాన్ ఆబ్జెక్టివ్ పెయింటింగ్ మ్యూజియం. మొదటి క్లాసులో విన్న మాట ఇక్కడ మళ్లీ ఎదురైతే ఎంత సంతోషమేసిందో.

బొమ్మలు వెయ్యడం నేర్పిస్తారనుకుంటే మాత్రం ఇది మీకు కాదు, బ్రష్ పట్టుకోవడం దగ్గర్నుంచి కావాలంటే వేరే కోర్సు చూసుకోండి. నేనైతే నల్ల చతురస్రం క్లాసు రేపు మళ్లీ ఇంకోసారి చూస్తా.