ఒలింపిక్స్ టికెట్లు బయట కొనకండి: పారిస్‌లో మాకు జరిగింది చదవండి

లాస్ ఏంజెలెస్ 2028 ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉందని తెలిసినప్పటి నుంచి మా బంధువుల్లో, స్నేహితుల్లో చాలామంది టికెట్ల గురించి అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. 2024 ఆగస్టు 8న పారిస్‌లో నేనూ మా తమ్ముడూ ఒకే రోజు రెండు పోటీలకు టికెట్లు పెట్టుకున్నాం. ఒకటి అధికారిక సైట్‌లో కొన్నది, రెండోది బయట కొన్నది. మొదటిది హాయిగా చూశాం. రెండోదానికి గేటు దాటలేకపోయాం.

మధ్యాహ్నం రెండింటికి కొలోంబ్ స్టేడియంలో హాకీ కాంస్య పతక పోరు, మనకీ స్పెయిన్‌కీ. నెలల ముందే తీసుకున్న టికెట్లు అవి. ఫోన్‌లో పారిస్ 2024 టికెట్ల యాప్ తెరిచి చూపిస్తే స్కానర్ పచ్చగా వెలిగింది, లోపలికి వెళ్లిపోయాం. స్పెయిన్ ముందు గోల్ కొట్టింది. మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ రెండు పెనాల్టీ కార్నర్లతో 2-1 చేశాడు. చివరి నిమిషాల్లో స్పెయిన్ మీదకు వస్తుంటే మా వరుసలో ఒక్కరూ కూర్చోలేదు. మన గోల్‌కీపర్ శ్రీజేష్‌కి అదే ఆఖరి మ్యాచ్. అయ్యాక గోల్‌పోస్ట్ ఎక్కి కూర్చున్నాడు. 1972 తర్వాత మనకు హాకీలో వరుసగా రెండు ఒలింపిక్ పతకాలు రావడం అదే మొదలు. గొంతు పోయేలా అరిచి, అదే ఊపులో సెయింట్ డెనిస్ వైపు బయల్దేరాం. సాయంత్రం 8:25కి స్టాడ్ ద ఫ్రాన్స్‌లో నీరజ్ చోప్రా జావెలిన్ ఫైనల్.

ఆ టికెట్లే బయట కొన్నవి. సోషల్ మీడియాలో పారిస్ వెళ్లే మనవాళ్ల గ్రూపు ఒకటి ఉండేది. అందులో ఒకాయన మా ఇంట్లోవాళ్లకి వీసా రాలేదు, రెండు టికెట్లు మిగిలాయి అని పెట్టాడు. ఫోన్ చేస్తే తెలుగులోనే, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, లాభానికి అమ్మట్లేదు, మీలాంటివాళ్లు చూస్తే చాలు" అన్నాడు. ఒక్కోటి 380 యూరోలు. రెండూ కలిపి మన డబ్బుల్లో దాదాపు 70 వేలు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయమన్నాడు, చేశాం. అరగంటలో పీడీఎఫ్ పంపాడు. గేటు, వరుస, సీటు నంబరు, క్యూఆర్ కోడ్ అన్నీ ఉన్నాయి. మా తమ్ముడు ఆ సీటు ఎక్కడుంటుందో స్టేడియం మ్యాప్‌లో వెతికి మరీ చూసుకున్నాడు.

గేటు దగ్గర బ్యాగుల తనిఖీ అయింది. తర్వాత టికెట్ చూసే అమ్మాయి మా ఫోన్ స్క్రీన్ చూడగానే ఆగింది. స్కాన్ చేసింది, ఎర్రగా వచ్చింది. స్క్రీన్ వెలుగు పెంచి మళ్లీ చేసింది, మళ్లీ ఎర్రగానే. "యాప్‌లో చూపించండి" అంది. యాప్‌లో మా దగ్గర హాకీ టికెట్లు మాత్రమే ఉన్నాయి. పక్కకు నిలబెట్టి ఇంకొకరిని పిలిచింది. ఆయన నెమ్మదిగా, విసుక్కోకుండా చెప్పాడు: ఈ క్రీడలకు పీడీఎఫ్ టికెట్లనేవే లేవు, ప్రింటు గానీ స్క్రీన్‌షాట్ గానీ చెల్లవు, టికెట్ ఎవరిదైనా యాప్‌లోనే ఉండాలి. మేం అమ్మినాయనకు అక్కడి నుంచే ఫోన్ చేశాం. అప్పటికే నంబరు బ్లాక్ అయింది.

గోడకు ఇవతల నిలబడి ఫోన్‌లో చూశాం. నీరజ్ మొదటి త్రో ఫౌల్. రెండో రౌండ్‌లో పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరాడు. 2008 నుంచి ఉన్న 90.57 ఒలింపిక్ రికార్డు పోయింది. ఆ అరుపు మాకు ముందు స్టేడియంలోంచి వినిపించింది, తర్వాత ఫోన్‌లో కనిపించింది. నీరజ్ కూడా అదే రౌండ్‌లో 89.45 వేశాడు. మిగతా ఐదూ ఫౌల్‌లే, రజతం వచ్చింది. మా తమ్ముడు స్కూల్లో జావెలిన్ వేసినవాడు. రెండేళ్లు డబ్బు దాచుకుని వచ్చాడు. ఆ రోజు వాడి ముఖం చూడలేకపోయాను. డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు అసలు విషయం. పారిస్‌కి అధికారిక రీసేల్ ఉండేది. వెళ్లలేనివాళ్లు అక్కడే పెట్టి, కొన్న ధరకే అమ్ముకోవచ్చు. పోటీకి ఒకటి రెండు రోజుల ముందు కూడా టికెట్లు వచ్చి పడుతుండేవి. మేం రోజూ నాలుగుసార్లు ఓపిగ్గా చూసుకుని ఉండాల్సింది. పైగా టికెట్‌ని యాప్‌లోంచి ఇంకొకరి పేరు మీదకు పంపే వీలు కూడా ఉండేది. అంటే ఆయన దగ్గర నిజంగా టికెట్ ఉంటే పీడీఎఫ్ పంపాల్సిన పనే లేదు. ఈ ఒక్క మాట ముందు తెలిసుంటే 760 యూరోలు మిగిలేవి. సీటు నంబరు సరిగ్గా ఉంది కదా అని నమ్మకండి, అది ఎవరైనా మ్యాప్ చూసి రాయగలరు. తెలుగువాడే కదా అని అసలే నమ్మకండి.

ఇది కొత్త మోసం కాదు. 2008 బీజింగ్ అప్పుడే ఒక నకిలీ సైట్‌లో కొన్న ఎంతోమందికి టికెట్లు అందనే లేదు, ఒలింపిక్ కమిటీ కోర్టుకు వెళ్లింది. లాస్ ఏంజెలెస్‌లో మనవాళ్లు ఎక్కువ, పైగా క్రికెట్. 2030లో కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో. ఇలాంటి ఫోన్లు తప్పకుండా వస్తాయి. ఏ క్రీడలకైనా నిర్వాహకుల సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి, ఎవరో పంపిన లింకు నొక్కకండి. టికెట్ ఏ రూపంలో వస్తుందో, ఎప్పుడు వస్తుందో అక్కడ రాసి ఉంటుంది. డబ్బు కట్టేముందు అది చదవండి. కడితే కార్డుతోనే కట్టండి. మేం ట్రాన్స్‌ఫర్ చేశాం కాబట్టి బ్యాంకువాళ్లు వెనక్కి తెప్పించలేమన్నారు.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు పంపి ఉంటే పోటీ రోజు దాకా ఆగకండి. టికెట్‌ని యాప్‌లో మీ పేరు మీదకు పంపమని ఇవాళే అడగండి. రేపు, ఎల్లుండి అని దాటేస్తే ఆ చాటింగ్, అకౌంట్ నంబరు, రసీదు అన్నీ భద్రం చేసి వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయండి. ఇండియాలో ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి. మేం మూడు వారాల తర్వాత చేశాం. అప్పటికి ఆ అకౌంట్‌లో ఏమీ లేదు.