గూడెం ఆరోగ్య సర్వే: కాలేజీకి అప్పజెప్పాలా, మన పిల్లలకే నేర్పించాలా?

ఏటూరునాగారం చుట్టుపక్కల కోయ గూడేల్లో పనిచేసే మాలాంటి చిన్న సంఘాలు సికిల్‌సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు), రక్తహీనత లెక్కలు తీయాలనుకున్నప్పుడల్లా ఇదే చర్చ. వరంగల్ నుంచి మెడికల్ కాలేజీ టీమ్‌ను పిలుద్దామా, ఇంటర్, డిగ్రీ చదివిన మన ఆడపిల్లలకే ట్రైనింగ్ ఇప్పిద్దామా?

కాలేజీ అయితే ఎంతమందిని అడిగితే లెక్క నిలబడుతుందో వాళ్లకు తెలుసు, ల్యాబ్ ఉంటుంది, పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఉంటుంది. ఆ కమిటీ పరిశీలించకుండా మనుషుల మీద పరిశోధన చేయకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఉంది. కానీ ఒకసారి మా దగ్గరికొచ్చిన టీమ్ రెండు రోజుల్లో అందరి వేళ్లూ గుచ్చి రక్తం తీసుకుపోయింది, రిపోర్టులు ఇప్పటికీ రాలేదు. 'రక్తహీనత లక్షణాలు ఉన్నాయా' అని అడిగితే ఒక అవ్వ ప్రతిదానికీ ఊరికే తలూపింది. తర్వాత మా పిల్ల పక్కన కూర్చుని, కట్టెల మోపు ఎత్తుకుంటే కళ్లు తిరుగుతున్నాయా అవ్వా అని కోయలో అడిగితే అరగంట సేపు చెబుతూనే ఉంది.

ప్రాణహిత అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ చేసి చూపించింది ఇదే. ఊరి ఆడవాళ్లకే నేర్పిస్తే, వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లలను చూసుకుంటూ లెక్కలు రాశారు, నెలలోపు పిల్లల మరణాలు బాగా తగ్గాయని 1999లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది.

మన పిల్లలతో ఒక చిక్కుంది, అది చిన్నది కాదు. భార్యాభర్తలిద్దరూ సికిల్‌సెల్ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసేవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఫలానా ఇంటి పిల్ల క్యారియర్ అన్న మాట బయటికి పొక్కితే సంబంధాలు చెడిపోతాయి. అందుకే ఫారంలో పేరు బదులు నంబరే ఉండాలి, నంబర్ల రిజిస్టర్ బీరువాలో తాళం వేసి ఉండాలి, ఏ పిల్లనూ తన సొంత గూడేనికి పంపకూడదు. ఇవి నేర్పకుండా ట్యాబ్ చేతికిస్తే కాలేజీ టీమ్ కంటే ఎక్కువ నష్టం మనమే చేస్తాం.

నా మాట మాత్రం మన పిల్లలకే. సొంత కమిటీ లేని సంస్థ ఒప్పందం చేసుకుని వేరే సంస్థ ఎథిక్స్ కమిటీ దగ్గరికి వెళ్లొచ్చు కాబట్టి కాలేజీతో అంతవరకూ, ల్యాబ్ వరకూ కలవాలి. సంతకం పెట్టే ముందు మూడు విషయాలు కాగితం మీదికి రావాలి: ఎవరి రిపోర్టు వాళ్ల చేతికి వాళ్ల భాషలో వివరించి ఇవ్వాలి, డేటా కాపీ సంఘంలో ఉండాలి, తిరిగిన పిల్లలకు రోజు కూలీ పడాలి. మూడోది ఎప్పుడూ బడ్జెట్ చివర్లో కొట్టేస్తారు, దాన్నే మొదటి లైన్‌లో రాయించండి.