పొట్టలో చుక్క: డార్క్ మోడ్‌తో మూడు నెలలు

నేను ప్రూఫులు దిద్దుతాను, అంటే పుస్తకం అచ్చుకి వెళ్లే ముందు అందులో తప్పులు ఏరుతాను. రోజుకి ఆరేడు గంటలు అక్షరాల మీదే చూపు. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతున్నాయని మూడు నెలల కిందట ఎవరితోనో అంటే, విన్నవాళ్లందరిదీ ఒకటే మాట: "డార్క్ మోడ్ పెట్టుకోండి, హాయిగా ఉంటుంది." సరేనని ఫోనులో, లాప్‌టాప్‌లో, పుస్తకాలు చదువుకునే ఈ-ఇంక్ రీడరులో, మూడింట్లోనూ నల్ల నేపథ్యం పెట్టేశాను. కాగితం ఒక్కటే నా మాట వినలేదు.

మొదటి వారం నిజంగానే హాయిగా ఉంది. అంతకు ముందు రాత్రిపూట ఫోను తెరిస్తే మొహాన టార్చిలైటు వేసినట్టుండేది, అది పోయింది. మెసేజీలు, వార్తలు, పాటల పట్టిక, అన్నీ నల్ల గుడ్డ మీద ముత్యాలు పేర్చినట్టు కనిపించాయి. అప్పుడే ఈ సమీక్ష రాసుంటే కళ్లు మూసుకుని అయిదుకి అయిదు ఇచ్చేసేదాన్ని.

అయిదో వారంలో ఒక కథల సంపుటి చివరి ప్రూఫు వచ్చింది. మర్నాడు పొద్దున్నకి గడువు. రాత్రి పదకొండు దాటాక గదిలో లైటు ఆర్పేసి, నల్ల తెర మీద తెల్లక్షరాలు చూసుకుంటూ ఒంటిగంటకి ముగించి పంపేశాను. పుస్తకం అచ్చయి చేతికొచ్చింది. మొదటి కథ, మొదటి వాక్యం: "అర్థరాత్రి దాటింది."

అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. ఈ రెండూ తారుమారు కావడం తెలుగులో రోజూ చూసే తప్పే, ప్రూఫు చూసేవాళ్లు మొట్టమొదట వెతికే తప్పు కూడా ఇదే. అర్ధరాత్రి కూర్చుని అర్ధరాత్రినే వదిలేశాను. రచయిత ఏమీ అనలేదు. నాలుగు మాటలు అనుంటే బాగుండేది.

ఆ రెండింటికీ కంటికి కనిపించే తేడా ఎంతో చూడండి. రకారం కింద వేలాడే వత్తు. థ వత్తు పొట్టలో చుక్క ఉంటుంది, ధ వత్తు పొట్టలో ఉండదు. అంతే. వత్తే చిన్నది, అందులో పొట్ట, ఆ పొట్టలో చుక్క. మర్నాడు అదే ఫైలు తెరిచి అదే పేజీని రెండు రకాలుగా పెట్టి, అదే సైజులో, అదే దూరం నుంచి చూశాను. తెల్ల నేపథ్యం మీద చుక్క సన్నగా ఉన్నా దాని చుట్టూ ఖాళీ ఉంది, అందుకని తెలుస్తోంది. నల్ల నేపథ్యం మీద వత్తు గీత చుట్టూ పల్చటి వెలుగు పొర. ఆ వెలుగు లోపలికి ఒలికి పొట్టంతా నిండిపోయింది, చుక్క అందులో కరిగిపోయింది. కావాలని పక్కన ధ వత్తుతో కూడా టైపు చేసి చూశాను. నా కంటికి రెండూ కవలపిల్లలే.

ఇందులో నా కళ్ల వాటా కూడా ఉంది. నాకు రెండు కళ్లకీ సిలిండర్ పవరు ఉంది. అంటే కంటి ముందు పొర అన్ని వైపులా ఒకే వంపులో లేదు, అందుకని వెలుగు చుక్క లోపల చుక్కలా పడకుండా ఒక వైపుకి సాగుతుంది. అద్దాలు చాలావరకు సరిచేస్తాయి, పూర్తిగా కాదు. తెర నల్లగా ఉంటే కంటిపాప విచ్చుకుంటుంది. పాప ఎంత విచ్చుకుంటే కంటి లోపాలు అంత బయటపడతాయి. తెర తెల్లగా ఉంటే పాప చిన్నదవుతుంది, చూపు పదునెక్కుతుంది. దూరంగా ఉన్న బోర్డు చదవాలంటే కళ్లు చికిలించి చూస్తాం చూడండి, ఇంచుమించు అదే కిటుకు.

సిలిండర్ పవరు లేనివాళ్లకి ఈ బాధ తక్కువే గానీ, అసలు లేకపోలేదు. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లోని హైన్‌రిక్ హైనే యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. చిన్నవయసు వాళ్లనీ పెద్దవయసు వాళ్లనీ తీసుకుని, రెండు రకాల తెరల మీదా చూపు పరీక్ష పెట్టారు, ప్రూఫులు కూడా దిద్దించారు. రెండు వయసుల వాళ్లూ తెల్ల నేపథ్యం మీద నల్లక్షరాలతోనే మెరుగ్గా చేశారు. అక్షరం చిన్నదయ్యే కొద్దీ తెల్ల నేపథ్యం వల్ల వచ్చే లాభం పెరుగుతుందని ఆ మరుసటి ఏడాది ఇంకో పరిశోధనలో తేలింది. చదివి కాస్త ఊరట పడ్డాను, తప్పంతా నాది కాదని. కానీ ఆ పరిశోధన బయటికొచ్చి ఇన్నేళ్లయింది, నేను ఒక్కసారైనా వెతికి ఉంటే దొరికేది.

అచ్చు పని తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక తమాషా ఉంది. కాగితం మీద నల్ల డబ్బాలో తెల్లక్షరాలు పెట్టడాన్ని పేజీలు పెట్టేవాళ్లు రివర్స్ అంటారు. రివర్స్‌లో సన్నటి ఫాంటు పెట్టొద్దని అంటూనే ఉంటారు, ఎందుకంటే చుట్టూ ఉన్న సిరా అక్షరం లోపలికి పాకి గీతల్ని తినేస్తుంది. అంటే కాగితం మీద తెల్లక్షరం చిక్కిపోతుంది, వెలిగే తెర మీద ఉబ్బిపోతుంది. అందుకే కాగితానికి నేర్చుకున్న సూత్రాన్ని తెరకి వాడి బోల్డు పెడితే ఇంకా అలుక్కుపోతుంది. నేను మొదట చేసింది అదే. తర్వాత అక్షరం మందం తగ్గించి సైజు రెండు మెట్లు పెంచాను, కొంత నయం. ఇంగ్లీషు అక్షరాలకి ఈ తిప్పలు ఇంతగా ఉండవు. మనకి తలకట్టు, గుడి, వత్తు, వత్తు కింద ఇంకో వత్తు, అన్నీ గుండ్రాలే, అన్నింట్లోనూ చిన్న చిన్న ఖాళీలే. ఆ ఖాళీలు పూడిపోతే తెలుగు చదవలేం, ఊహించుకోవాలి. ప్రూఫు పనిలో ఊహకి మించిన శత్రువు లేదు.

ఇక పరికరాల సంగతి.

నా ఫోనుది ఓఎల్ఈడీ తెర. ఇందులో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది, నలుపంటే ఆ చుక్క ఆరిపోయినట్టే. అందుకే చీకటి గదిలో తెర అంచులు కూడా కనిపించవు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. బ్యాటరీ మాట వస్తే, పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2021లో లెక్క కట్టారు: బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతంలో ఉంటే డార్క్ మోడ్ వల్ల సగటున మిగిలేది 3 నుంచి 9 శాతం, పూర్తి బ్రైట్‌నెస్‌లో అయితే 39 నుంచి 47 శాతం. నేను ఇంట్లో ఎప్పుడూ సగంలోపే పెడతాను కాబట్టి నాకు మిగిలింది పెద్దగా ఏమీ లేదు. ఎండలో ఫోను వాడే వాళ్లకి లాభం. అయితే ఎండలో నల్ల తెర అద్దంలా మారి మన మొహమే మనకి చూపిస్తుంది, అది వేరే సంగతి. ఇంకోటి, పూర్తి నలుపు మీద వేగంగా పైకి జరిపితే అక్షరాల వెనక తోకలాగా మసక వస్తుంది, ఆరిన చుక్క మళ్లీ వెలగడానికి క్షణం పడుతుంది మరి. పూర్తి నలుపు బదులు ముదురు బూడిద రంగు ఇచ్చే యాప్‌లు ఈ విషయంలో మేలు.

లాప్‌టాప్‌ది ఎల్‌సీడీ. దీని నలుపు నలుపు కాదు. వెనకాల లైటు వెలుగుతూనే ఉంటుంది, ముందు పొర దాన్ని అడ్డుకుంటుంది, అంతే. చీకట్లో చూస్తే బొగ్గులా కాక బూడిదలా ఉంటుంది. కరెంటూ మిగలదు, అక్షరమూ తేటపడదు. దీని మీద డార్క్ మోడ్ దేనికో నాకు అర్థం కాలేదు. (చుక్క ఉన్న అర్థమే, సరిచూసుకున్నాను.)

అన్నిటికంటే విసుగు తెప్పించేది సగం చీకటి. మెనూలు నలుపు, మెయిలు నలుపు, జత చేసిన పీడీఎఫ్ తెరవగానే భగ్గుమని తెలుపు. చీకటికి అలవాటైన కంటికి ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. దాన్ని కూడా బలవంతంగా తిరగేస్తే ఫొటోల్లో మనుషులు నెగెటివుల్లా వస్తారు. ఒకసారి నల్ల తెర మీంచి నాలుగు పేరాలు తీసి ఫైల్లో అతికించాను, అక్షరాలతో పాటు వాటి తెల్లరంగు కూడా వచ్చేసింది. ప్రింటు తీస్తే పేజీ మధ్యలో ఇంత ఖాళీ! పేరాలు ఎగిరిపోయాయని అరగంట టెన్షన్ పడ్డాను.

ఈ-ఇంక్ రీడరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకున్న వాటిల్లో ఇష్టమైనది అదే. దీని తెరలో వెంట్రుక మందం ఉండే గుళికలు, వాటిలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు దిశని బట్టి ఒక రంగు పైకొస్తుంది, ఇంకోటి కిందికి పోతుంది. ఒకసారి పేజీ ఏర్పడితే దాన్ని నిలిపి ఉంచడానికి కరెంటు అక్కర్లేదు. వెలుగు తెరలోంచి రాదు, గదిలోని వెలుగే దాని మీద పడి తిరిగొస్తుంది, కాగితంలాగే. తెల్ల నేపథ్యంలో దీని మీద వత్తు పొట్టలో చుక్క చక్కగా కనిపించింది. డార్క్ మోడ్ పెడితే మాత్రం పాత పేజీ అక్షరాలు దెయ్యాల్లా వెనకాల తచ్చాడుతుంటాయి, నలుపు కూడా వెలిసిపోయిన బట్టలా ఉంటుంది. చదవడానికి తీరుగా ఉన్న దాన్ని చేతులారా పాడుచేసుకోవడమే. రెండు రోజుల్లో తీసేశాను.

కాగితానికి ఆటో బ్రైట్‌నెస్ పుట్టుకతోనే ఉంది. గదిలో వెలుగు తగ్గితే తనూ తగ్గుతుంది, పెరిగితే తనూ పెరుగుతుంది. నా అసలు జబ్బేమిటో నాకు చూపించింది కాగితమే. ఒకరోజు ప్రింటు తీసిన పేజీని లాప్‌టాప్ తెర పక్కన ఆనించి పెట్టాను. తెర కాగితం కంటే ఎన్నో రెట్లు వెలిగిపోతోంది. ఇన్నాళ్లూ నేను చదివింది పేజీని కాదు, ట్యూబులైటుని. బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ పోయి, తెరా కాగితమూ ఒకే తెలుపుగా కనిపించిన చోట ఆపాను. తెల్లటి తెలుపు తీసేసి కొంచెం మీగడ రంగు పెట్టాను. ఆ సాయంత్రం కళ్లు అంతగా మండలేదు. మిగిలిన మంట, చదువుతూ రెప్ప వేయడం మరిచిపోవడం వల్ల, దానికి ఏ మోడూ లేదు.

కాగితమంతా మంచిదని కాదు. నున్నటి మెరుపు కాగితం మీద దీపం ప్రతిబింబం సరిగ్గా దిద్దాల్సిన మాట మీదే పడుతుంది, పేజీని అటూ ఇటూ వంచుతూ చదవాలి. పల్చటి కాగితం అయితే అవతలి వైపు అక్షరాలు ఇటు తొంగిచూస్తాయి. లేత గోధుమ రంగులో, గరుకుగా, కాస్త మందంగా ఉండే నవల కాగితం నాకు నచ్చుతుంది.

నల్ల తెర కొత్త ఫ్యాషనేమీ కాదని కూడా ఈ మూడు నెలల్లోనే గుర్తొచ్చింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలే, 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మానిటరూ అంతే. ఆ గాజుగొట్టాల తెరల మీద తెల్ల నేపథ్యం పెడితే అదురు బాగా తెలిసేది. 1973లో జిరాక్స్ కంపెనీ చేసిన ఆల్టో అనే కంప్యూటరు తెరని కాగితంలా తెల్లగా, నిలువుగా చేసి చూపించింది, 1984లో ఆపిల్ వాళ్ల మాకింటాష్ కంప్యూటరు ఆ తెలుపుని ఇళ్లల్లోకి తెచ్చింది. 2019లో ఫోన్లకి ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 సాఫ్ట్‌వేర్లు వచ్చేసరికి మళ్లీ నలుపు.

మరి డార్క్ మోడ్‌ని పూర్తిగా వదిలేశానా అంటే, లేదు. పక్కన ఇంకో మనిషి నిద్రపోతున్నప్పుడు మెసేజీ చూసుకోవడానికి, రాత్రి ప్రయాణంలో మ్యాపుకి, వీడియోలకి అంతకన్నా మంచిది లేదు. మా నాన్నగారికి శుక్లాలు వస్తున్నాయి. తెల్ల తెర ఆయనకి పొగమంచులో హెడ్‌లైటులా ఉంటుందట. పెద్ద అక్షరాలు, నల్ల నేపథ్యం పెట్టి ఇస్తే గబగబా చదివేశారు. ఆయన్ని అడిగితే అయిదుకి అయిదు. చూడ్డానికి నేను నాలుగిస్తాను. చదవడానికి రెండు. ప్రూఫుకి సున్నా.

ఇప్పుడు పగలంతా మీగడ రంగు తెర, గదిలో దీపం వెలుగుతూ. చివరి ప్రూఫు మాత్రం కాగితం మీదే, ఎర్ర పెన్నుతో.

ఆ కథల సంపుటి రెండో ముద్రణకి వెళ్తోంది. పోయిన వారం ప్రూఫు పంపుతామంటే ప్రింటే కావాలని అడిగాను. మొదటి కథ, మొదటి వాక్యం తీశాను. రకారం కింద వత్తు, వత్తులో పొట్ట. భూతద్దం పెట్టి చూశాను. చుక్క లేదు.